పదడుగుల కంచె, వెయ్యడుగుల విమానం

అపోహ: గట్టిగా దాచుకుంటే చాలు, అమెరికాలో పోలీసులు వారెంట్ లేకుండా చూడడానికి వీల్లేదు.

వాస్తవం: అక్కడ ప్రభుత్వ సోదాలకు హద్దు గీసేది రాజ్యాంగంలోని నాలుగో సవరణ. మనం కంచె ఎత్తు పెంచామని ఆ హద్దు జరగదు. సిరావోలో అనే వ్యక్తి కేసే చూడండి. కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో ఆయన పెరట్లో గంజాయి పెంచాడు. బయట ఆరడుగుల కంచె, లోపల పదడుగుల కంచె. వీధిలో నిలబడితే ఒక్క ఆకు కనిపించదు. పోలీసులు ఓ విమానంలో వెయ్యడుగుల ఎత్తున ఎగిరి ఫొటోలు తీసి, ఆ తర్వాతే వారెంట్ తెచ్చుకున్నారు. 1986లో సుప్రీంకోర్టు 5-4తో వాళ్లనే సమర్థించింది. ఆ దారిన ఎగిరే ఎవరికైనా కనిపించేదే కదా అంది. విమానం ఎక్కినవాళ్లు కింద ఎవరి పెరట్లో ఏ మొక్కలున్నాయో వెతుక్కుంటూ పోతారా? నాకైతే ఆ తర్కం మింగుడుపడదు.

చెత్తదీ అదే కథ. లోపలేముందో కనపడని సంచుల్లో మూటగట్టి వీధిలో పెట్టినా, దాన్ని కుక్కలూ పిల్లలూ ఎవరైనా కెలకొచ్చు కాబట్టి పోలీసులూ చూడొచ్చని 1988లో గ్రీన్‌వుడ్ కేసులో తేల్చారు.

అపోహ: జాగ్రత్త పడకపోతే హక్కు పోయినట్టే.

వాస్తవం: ఆరెగాన్‌లో ఒక ఇంట్లో గంజాయి మొక్కలకు పెట్టిన దీపాల వేడిని పోలీసులు వీధిలోంచే థర్మల్ కెమెరాతో పసిగట్టారు. వేడి బయటికి పోకుండా ఆపే ప్రయత్నమే చేయలేదు కదా అని అప్పీలు కోర్టు ఆ ఇంటాయన్ని ఓడించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసింది. జనం వాడకంలో లేని పరికరంతో ఇంటి లోపలి సంగతులు లాగడం సోదాయేనంది. ఇన్సులేషన్ సరిగ్గా వేయించుకోమనడం పెద్ద కోరికేం కాదని జస్టిస్ స్టీవెన్స్ అసమ్మతి తీర్పులో రాశారు. ఆ వాదన ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది.

అపోహ: ఫోన్‌కు పాస్‌కోడ్ ఉంటేనే చట్టం కాపాడుతుంది.

వాస్తవం: అరెస్టయినవాడి ఫోన్ తెరవాలంటే మామూలుగా వారెంట్ కావాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. పాస్‌కోడ్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి కాదు. హైదరాబాద్ నుంచి వెళ్లి అమెరికా విమానాశ్రయంలో దిగేవాళ్ల సంగతి వేరు. అక్కడ సరిహద్దు అధికారులు వారెంట్ లేకుండానే ఫోన్ చూస్తామంటారు. పాస్‌కోడ్ చెప్పనన్నందుకు అమెరికా పౌరుణ్ని దేశంలోకి రానివ్వకుండా ఆపలేరు గానీ ఫోన్ మాత్రం తమ దగ్గర ఉంచేసుకోగలరు. వీసా మీద వచ్చినవాళ్లనైతే వెనక్కి పంపనూ వచ్చు.