స్ప్రింగుల సైకిలుకు క్యారియరు

సైకిలుకు క్యారియరు బిగించుట చిన్న పనియే. కాని నేటి విద్యార్థులు మోజుపడి కొను స్ప్రింగుల సైకిళ్ళ విషయమున ఆ మాట చెల్లదు. ముందు ఫోర్కుకు మాత్రమే స్ప్రింగులున్నచో చింత లేదు. మామూలు క్యారియరే చాలును. వెనుక కూడ ఉన్నచో చక్రమును పట్టియుండు భాగము ప్రతి గుంతలోను పైకి క్రిందికి కదలును. సీటును మోయు ఫ్రేము దానితో కదలదు. క్యారియరు కాళ్ళను ఇరుసు వద్దను, తలను సీటు క్రిందను బిగించితిమా, ఆ రెంటి నడిమి దూరము మారుచుండుటచేత అది వంగును, లేదా విరుగును. కనుక ఏదో ఒక్క భాగమునకే కట్టవలెను.

ఏ భాగమునకు? చక్రముతోపాటు కదలు భాగమునకు కట్టిన బరువు ప్రతి కుదుపును నేరుగా అనుభవించును. చక్రము నేలను అంటి సాగుటయు కష్టమగును. ఫ్రేముకు కట్టిన బరువును స్ప్రింగు కాపాడును. 1962లో ఇంగ్లండులో అలెక్స్ మౌల్టన్ (మినీ కారుకు రబ్బరు స్ప్రింగులు కూర్చినవాడు ఆయనే) తన చిన్నచక్రాల సైకిలుకు క్యారియరును ఫ్రేముకే అమర్చెను.

సీటు గొట్టమునకు బిగించు క్యారియరు సులభమే గాని, సాధారణముగా 10 కిలోలకు మించి మోయజాలదు. గ్రంథాలయ పుస్తకములకు సరి. బియ్యపు మూటకు కాదు, మిత్రుని ఎక్కించుకొనుటకు అసలే కాదు. కార్బను గొట్టమైనచో ఆ ఆలోచనయే కూడదు. దుకాణములోనే బరువుంచి, సైకిలుపై కూర్చుండి గట్టిగా అదిమి చూడవలెను. స్ప్రింగు పూర్తిగా అణగినప్పుడు టైరు క్యారియరుకు తగులరాదు.