చూపుకు ఒక్కటే, పుట్టుక వేరు

పిల్లలూ! అంతర్వేదిలోని అన్నాచెల్లెళ్ల గట్టు చూశారా? వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. ఈసారి వెళ్లినప్పుడు పెద్దల చేత ఒక గాజు గ్లాసుతో అక్కడి నీరు ముంచి తెప్పించుకొని, వెలుతురులో పట్టి చూడండి. తెల్లని నలుసులు కుప్పిగంతులు వేస్తూ కనిపించవచ్చు. అవి దుమ్ము కాదు, ప్రాణులు! వాటిని జంతు ప్లవకాలు అంటారు. ప్రవాహానికి ఎదురీదే బలం వాటికి లేదు.

వాటిలో ముఖ్యమైనవి కోపెపాడ్లు. గ్రీకు భాషలో ఆ మాటకు 'తెడ్డుకాళ్లవి' అని అర్థం. సుమారు మిల్లీమీటరు పొడవుండే యీ రొయ్య చుట్టాలు కంటికి ఆనని నాచును తింటాయి. చేపపిల్లలు వీటిని తింటాయి. మన పులస కూడా పిల్లగా వున్నప్పుడు ఇలాంటి వాటిని తిని పెరిగిందే!

వరదల్లో మొగ దగ్గర నీరు తియ్యనవుతుంది. వేసవిలో పోటుకు ఉప్పునీరు ఏటిలోకి ఎగదన్నుతుంది. ఇంత మార్పును యీ నలుసులు ఎలా తట్టుకుంటాయి?

రెండు రకాల వరి విత్తనాలు పక్కపక్కన పెట్టండి. చూపుకు ఒక్కటే. కాని ముంపు వస్తే ఒక రకం నిలుస్తుంది, మరొకటి కుళ్లిపోతుంది. ఆ తేడా విత్తనంలోని జన్యువులది. తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వచ్చే గుణాలను మోసేవి జన్యువులే. ఒకే జాతిలో రకరకాల జన్యువులుంటే, ఆపద వచ్చినా కొన్నయినా మిగిలే అవకాశం ఎక్కువ.

యూరిటెమోరా అనే కోపెపాడ్ ఎన్నో దేశాల నదీ ముఖాల్లో వుంది. అంతా ఒకే జాతి అనుకునేవారు. కెరోల్ లీ అనే శాస్త్రజ్ఞురాలు వేర్వేరు చోట్ల వాటి జన్యువులను పోల్చి, వాటిని జతపరచి చూసి, 2000లో ఫలితాలు ప్రకటించింది. రూపం ఒకటే అయినా జన్యువులు చాలా వేరు! కొన్ని జంటలకు సంతానమే నిలవలేదు.

ఇవి ఓడలెక్కి కూడా ప్రయాణిస్తాయి. ఓడ నిలకడ కోసం ఒక రేవులో నింపుకొన్న నీటిని మరో రేవులో వదిలితే, వాటితో పరాయి ప్రాణులు దిగి స్థానిక ప్రాణుల తిండికి పోటీ వస్తాయి. అందుకే ఆ నీటిని శుద్ధిచేయాలనే అంతర్జాతీయ ఒప్పందం 2017లో అమలులోకి వచ్చింది.

మన మొగలోని నలుసు నశిస్తే, అచ్చం అలాంటిదే మరో దేశం నుంచి తెచ్చి వేసినా మన వరదను, మన ఉప్పును తట్టుకుంటుందన్న భరోసా లేదు. అందుకే ఏటిలో చెత్త, విషపు మురుగు కలవనివ్వకూడదు.

అన్నట్టు, చూడడం అయ్యాక గ్లాసులోని నీటిని ముంచిన చోటనే పోయించండి. వాటి వూరు అదే!