మీకు తెలుసా? ఆకులో ఊరే తేనె

తేనె పూలలోంచి వస్తుందని చిన్నపిల్లలు కూడా చెబుతారు. కన్యాకుమారి జిల్లా మార్తాండం తేనె దగ్గరకొచ్చేసరికి ఆ మాట చెల్లదు. అక్కడి రబ్బరు చెట్లు చలికాలంలో ఆకు రాల్చి, ఆ తర్వాత కొత్త చిగురు వేస్తాయి. రబ్బరాకుకు మూడు రెక్కలుంటాయి. ఆ మూడూ కాడను కలిసేచోట చిన్న బొడిపెలు కనిపిస్తాయి. ఆకు లేతగా ఉన్న రోజుల్లో వాటిలోంచి తీపి రసం ఊరుతుంది. తేనెటీగకు తీపి ఉంటే చాలు, అది పూవుదా ఆకుదా అని చూడదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పెంపకందార్లు పెట్టెలు బండ్లకెక్కించి రబ్బరు తోటల్లో దించుకుంటారు. వాళ్ళకు ఏడాది మొత్తంలో పెద్ద రాబడి అదే. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన మార్తాండం తేనెలో పూవు వాటాకన్నా ఆకు వాటాయే ఎక్కువ.

ఆకు తేనె చూడ్డానికి రబ్బరు తోటల దాకా పోనక్కర్లేదు. తాయిల్పట్టి, కోవిల్‌పట్టి చుట్టూ ఉన్న నల్లరేగట్లో పత్తి చేను కనిపిస్తే ఒక ఆకు తిప్పి చూడండి. అడుగున నడి ఈనె మీద, కాడకు దగ్గరగా చిన్న గుంట లాంటిది ఉంటుంది. అదీ తేనె గ్రంథే. పత్తి పూవు విచ్చకముందే ఈగలు చేలో తిరగడం చూసి ఎందుకొచ్చాయో అనుకునేవాళ్ళకు జవాబు అక్కడుంది. కోవిల్‌పట్టిలో 1901 నుంచీ వ్యవసాయ పరిశోధనా కేంద్రం నడుస్తోంది, ఈ నేల పత్తి మీద అక్కడ ఎంతో పని జరిగింది. పత్తి అనగానే మనకు దూది గుర్తొస్తుంది గానీ తేనె గుర్తుకు రాదు.

తేనెకు మార్తాండం పేరు ఊరికే మోగలేదు. తేనెటీగలను కదిలే చట్రాల పెట్టెలో పెంచడం మన దక్షిణాదిలో న్యూటన్ అనే పాదిరీతో ఊపందుకుంది. ఆయన 1911 నుంచి 1917 దాకా తిరుచ్చి ప్రాంతంలో పల్లెవాళ్ళకు ఆ పని నేర్పాడు. మన పుట్టతేనెటీగ ఒళ్ళు చిన్నది కాబట్టి దానికి సరిపోయే చిన్న పెట్టె తయారుచేశాడు. అది ఇప్పటికీ 'న్యూటన్ పెట్టె'గానే చెల్లుబాటవుతోంది. 1924లో స్పెన్సర్ హ్యాచ్ అనే అమెరికన్, అప్పటి తిరువాన్కూరు సంస్థానంలో ఉన్న మార్తాండంలో వైఎంసీఏ తరఫున గ్రామ పునర్నిర్మాణ కేంద్రం పెట్టాడు. కోడిగుడ్లు, చేతిపనులతో పాటు తేనెటీగల పెంపకాన్నీ పేదరైతుకు చేతి ఖర్చు వచ్చే దారిగా చూపించాడు. తేనె తీయడంతో పని అయిపోదని, దాన్ని శుభ్రంగా సీసాకెత్తి అమ్ముడుపోయేలా చేయడం అసలు పనని ఆ కేంద్రానికి తెలుసు. 1937లో పెంపకందార్ల సహకార సంఘం కూడా ఏర్పడింది.

తర్వాత ఒక పెద్ద దెబ్బ తగిలింది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాది పుట్టతేనెటీగలను ఊడ్చేసింది. పురుగు దశలోనే పిల్ల ఈగలు సంచిలా ఉబ్బి చచ్చిపోయేవి. ఎక్కువ పెట్టెలు ఖాళీ అయ్యాయి. మిగిలిన కొద్ది గుంపుల నుంచి మళ్ళీ పెంచుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఎక్కడైనా తేనె దుకాణంలో ధర ఎక్కువనిపిస్తే ఈ కథ ఒకసారి తలుచుకోండి.

ఇక తిరునాళ్ళలో అమ్మే తేనె సంగతి. పంగుణి పొంగల్‌కు విరుదునగర్‌లో పొరుట్కాట్చి (ప్రదర్శన) పెడతారు. అలాంటి సందళ్ళలో తేనె దుకాణం కనిపిస్తే అక్కడ జరిగే తతంగం మీకు తెలిసిందే. గ్లాసు నీళ్ళలో చుక్క వేసి, అది కరగకుండా కిందికి దిగితే "చూశారా, అసలు సరుకు" అంటారు. అగ్గిపుల్లను తేనెలో ముంచి గీసి వెలిగిస్తారు. చీమ పట్టదని ఒకాయన, కుక్క ముట్టదని ఇంకొకాయన. నా మాట వింటే, ఇవేవీ నమ్మొద్దు. చిక్కగా కాచిన చక్కెర పాకం కూడా నీళ్ళలో మునుగుతుంది. అగ్గిపుల్ల చెప్పేది తేమ సంగతే, కల్తీ సంగతి కాదు. చీమ అసలు తేనెకూ వస్తుంది, తీపి కదా.

కల్తీ చేసేవాళ్ళు ఇప్పుడు చక్కెర పాకం దగ్గర ఆగలేదు. బియ్యం నుంచి, మొక్కజొన్న నుంచి తీసే సిరప్‌లు వచ్చాయి. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెలు కొని 22 నమూనాలు పరీక్ష చేయించింది. అన్ని పరీక్షల్లోనూ నెగ్గినవి ఐదే. మన దేశంలోని మామూలు పరీక్షల్లో గట్టెక్కిన పెద్ద బ్రాండ్లు కొన్ని జర్మనీలో చేయించిన ఎన్ఎంఆర్ అనే సూక్ష్మ పరీక్షలో దొరికిపోయాయి. లాబొరేటరీని కూడా బోల్తా కొట్టించే సరుకును అగ్గిపుల్ల పట్టుకుంటుందా?

పేరుకున్న తేనె చూసి "చక్కెర కలిపారు" అని వెనక్కిచ్చేవాళ్ళున్నారు. తేనెలో గ్లూకోజ్ పాలు ఎక్కువైతే అది పలుకులు కడుతుంది, అంతే. పొద్దుతిరుగుడు తేనె, పత్తి తేనె, రబ్బరు తేనె మూడూ త్వరగా పేరుకునే రకాలే. సీసాను గోరువెచ్చటి నీళ్ళలో ఉంచితే మళ్ళీ కరుగుతుంది, పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు. పల్చగా ఉంటే నీళ్ళు కలిపారనడం కూడా తొందరపాటే. పుట్టతేనెటీగ తేనెలో సహజంగానే తేమ కాస్త ఎక్కువ. కాకపోతే చట్రంలో గదులకు ఈగలు మైనపు మూత వేయకముందే ఆత్రంగా పిండిన తేనె కూడా పల్చగానే ఉంటుంది, అది పులుస్తుంది. కాబట్టి అమ్మేవాళ్ళను "మూత పడ్డాక తీశారా?" అని అడగండి. నిజంగా పెట్టెలున్నవాళ్ళు ఆ ప్రశ్న వినగానే సంతోషంగా చెప్పుకొస్తారు.

బేరమాడేటప్పుడు ఒక లెక్క. తేనె నీళ్ళకన్నా బరువు. లీటరు సీసాలో పట్టేది కిలో కాదు, సుమారు కిలో 400 గ్రాములు. ఒకాయన కిలో లెక్కన, పక్కన ఇంకొకాయన లీటరు లెక్కన అమ్ముతుంటే ధర పలకల్ని చూసి పోల్చుకోకండి.

ఇంగ్లండ్‌లో 1923లో మొదలైన జాతీయ తేనె ప్రదర్శన ఒకటుంది. అక్కడ న్యాయనిర్ణేతలు సీసా వెనక టార్చి పెట్టి నలుసు వెతుకుతారు, మూత తీసిన మొదటి క్షణంలోనే వాసన చూస్తారు. మన దుకాణం ముందు కూడా ఆ రెండు పనులూ చేయొచ్చు, ఎవరూ కాదనరు. అయితే అది నాణ్యత చూసుకోవడానికే, కల్తీ తేల్చడానికి కాదు.

శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవాకు 2019లో, కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన పక్క ఊళ్ళ సరుక్కి ఊరి పేరు విలువ తెచ్చిపెట్టింది. తేనె పెట్టెలున్నవాళ్ళు కూడా సీసా మీద ఉత్త 'తేనె' అని కాకుండా ఏ పంటది, ఏ నెలది, ఏ ఊరిది అని రాస్తే బాగుంటుంది. పొద్దుతిరుగుడు రైతులకు కూడా ఒక మాట. ఈగలు రాని చేలో తాలు గింజలు ఎక్కువ. మందు కొట్టక తప్పకపోతే పొద్దు వాలాక కొట్టండి, పొద్దున ఈగలు పూల మీదుంటాయి.

చివరగా, ఇది మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళకు తప్పకుండా చెప్పండి. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాసే ఆచారం మన ఇళ్ళల్లోనూ ఉంది. ఎంత అసలు తేనె అయినా, ఎంత దగ్గరివాళ్ళు తెచ్చినా ఏడాది నిండని బిడ్డకు పెట్టకూడదు. తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపేగులో మొలిచి బోటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే ప్రమాదం ఉంది.