ద్వారపాలకుని మెలకువ: పోలీసు విధులు, సతి శిక్షణ

2025 నవంబరు 4వ తేదీన గెవరా రోడ్డు నుండి బిలాస్‌పుర్‌కు వస్తున్న మెమూ రైలు, లాల్‌ఖదాన్ సమీపంలో ముందున్న గూడ్సు రైలును వెనుకనుండి ఢీకొన్నది. మొదటి పెట్టె గూడ్సు బండి మీదికెక్కిపోయింది. పదిమందికి పైగా మరణించారు. రైల్వే కొలువులను ఆశ్రయించి వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న పట్టణం బిలాస్‌పుర్. ఆ వార్త తెలుగు ఇండ్లలోనూ ఆందోళన రేపింది.

ఇటువంటి ప్రమాదస్థలంలో పోలీసులు గాయపడినవారిని వెలికితీయాలి, గుంపును ఆపాలి, శవపంచనామా వ్రాయాలి, బంధువులకు కబురు చెప్పాలి. మరునాడు వారే మామూలు బందోబస్తుకు హాజరుకావాలి. చూచిన దృశ్యం మాత్రం విధి ముగియగానే మనసును వదలిపోదు. నిద్రలో మెదులుతుంది, ఇంట్లో చిన్న మాటకే కోపంగా, ఠాణాకు వచ్చిన ఫిర్యాదుదారు మీద విసుగుగా బయటపడుతుంది. పోలీసు సిబ్బందిలో ఒత్తిడి, ఆత్మహత్యల సమస్యను ఎదుర్కొనేందుకు ఛత్తీస్‌గఢ్ పోలీసు శాఖ 2020లో ‘స్పందన్’ అనే కార్యక్రమాన్ని చేపట్టింది. ఇటువంటి ప్రయత్నాలలో ధ్యానానికి నేడు తరచుగా చోటు లభిస్తున్నది. అయితే అక్కడ నేర్పవలసినది ఏమిటన్నది బౌద్ధాధ్యయనపరులు నిదానంగా పరిశీలించదగిన ప్రశ్న.

సంయుత్తనికాయంలోని కింసుకోపమ సుత్తం ఇందుకు మంచి ఆధారం. కింసుకమంటే మోదుగ, ఛత్తీస్‌గఢ్ అడవులలో వేసవి ముందు ఎఱ్ఱగా పూచే చెట్టే. ఆ చెట్టు ఎట్లుంటుందని అడిగితే ఒక్కొక్కరు తాము చూచిన ఋతువును బట్టి ఒక్కొక్క రూపం చెబుతారు. నేటి ‘మైండ్‌ఫుల్‌నెస్’ స్థితీ దాదాపు ఇదే: వైద్యునికి అది చికిత్స, యాజమాన్యానికి పనితనం, పోలీసు అధికారికి ఒత్తిడి నివారణ. అదే సుత్తంలో తరువాత ఆరు ద్వారాలు గల సరిహద్దు నగరం ఉపమానంగా వస్తుంది. నగరం శరీరం, ద్వారాలు ఆరు ఆయతనాలు, తెలియనివారిని ఆపి తెలిసినవారిని లోనికి పంపే వివేకి అయిన ద్వారపాలకుడు సతి. సతికి పోలికగా కాపలావానిని ఎన్నుకోవడం ఈ చర్చలో గమనింపదగినది. కాపలావాడు కన్నులు మూసుకొని ప్రశాంతంగా ఉండేవాడు కాదు. వచ్చినది ఎవరో గుర్తుపట్టేవాడు.

గుర్తుపట్టడం ఎక్కడ జరగాలో పటిచ్చసముప్పాదం చెబుతుంది. ఫస్సం వల్ల వేదన, వేదన వల్ల తణ్హ. గుంపులోనుండి ఒక తిట్టు వినబడుతుంది. ఛాతీ బిగుస్తుంది, చేయి లాఠీపై బిగుసుకుంటుంది. ఆ బిగింపు వేదన. దానిని బిగింపుగా తెలుసుకోగలిగితే తరువాతి అడుగు ఆలోచనతో పడుతుంది. లేకుంటే దెబ్బ పడిన తరువాతే తెలివి వస్తుంది. కాయానుపస్సన, వేదనానుపస్సన అభ్యాసాలు ఈ లిప్తకాలపు ఎడాన్ని పెంచడానికే. కనుక ఈ శిక్షణ ఫలితం పోలీసు ఎంత హాయిగా ఉన్నాడన్న దానిలోనే కాక, అతని ఎదుట నిలబడిన పౌరునికి ఏమి జరిగిందన్న దానిలో కూడా కనబడాలి.

భారతదేశంలో ఈ ప్రయోగం కొత్తది కాదు. 1975లో సత్యనారాయణ గోయెంకా జయపుర కేంద్ర కారాగారంలో ఖైదీలకు విపస్సన శిబిరం నడిపారు. మరుసటి ఏడు అక్కడి రాజస్థాన్ పోలీసు అకాడమీలో పోలీసు, జైలు అధికారులకు శిబిరం జరిగింది. అదే 1976లో హైదరాబాదు శివారున నాగార్జునసాగర్ రోడ్డుపై ధమ్మఖేత్త కేంద్రం వెలసింది. కిరణ్ బేడీ కారాగారాల ఐజీగా ఉన్న కాలంలో, 1994 ఏప్రిల్‌లో, తీహార్‌లో సుమారు వేయిమంది ఖైదీలు ఒకే శిబిరంలో కూర్చున్నారు. ఆ శిబిరమే లోకప్రసిద్ధమైంది. అంతకు ముందే అధికారులు కూర్చున్న జయపుర శిబిరాన్ని తలచుకునేవారు తక్కువ.

పాశ్చాత్య ధార వేరు. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో ఎనిమిది వారాల క్రమాన్ని రూపొందించారు. దానినుండి ఎదిగిన పోలీసు శిక్షణను అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో పరిశీలించారు. 61 మందితో జరిగి 2018లో ప్రచురితమైన ప్రాథమిక అధ్యయనం ఒత్తిడి, దుడుకుతనం విషయంలో ఆశాజనకమైన ఫలితాలు చూపింది. సంఖ్య చిన్నది, దానిపై పెద్ద భవనం కట్టరాదు.

బౌద్ధుల పక్షాన ఒక సంకోచం సహజం. యోధాజీవ సుత్తంలో యుద్ధవీరులకు స్వర్గం లభిస్తుందా అని గామణి అడిగితే, బుద్ధుడు మొదట సమాధానం చెప్పడానికే ఇష్టపడలేదు. చివరికి చెప్పినది అతనిని ఏడిపించింది. ఆయుధధారికి ఏకాగ్రత నేర్పితే అది గురి కుదుర్చుకోవడానికీ పనికివస్తుంది. పాళి వాఙ్మయం సమ్మాసతితో పాటు మిచ్ఛాసతిని కూడా పేర్కొనడం ఊరకే కాదు. శీలం తీసివేసిన శిక్షణను, అది ఎంత ఉపశమనమిచ్చినా, సతిపట్ఠానమని పిలవడం కష్టం. నగరోపమలో సమథ విపస్సనలనే జంటదూతలు కూడా ఉన్నారు. ఎనిమిది వారాల క్రమాలు చాలావరకు ద్వారపాలకుని వద్దే ఆగిపోతాయి.

ఇంకొక హద్దు పాలనకు సంబంధించినది. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థల 2019 నివేదిక ప్రకారం భారతీయ పోలీసు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నాడు. దాదాపు సగం మందికి వారాంతపు సెలవు లేదు. అదే ఏడు జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలీసులకు వారాంతపు సెలవు ప్రకటించింది. నిద్రలేనివానికి ఆనాపానసతి చెబితే అతడు కునుకుతాడు. థీనమిద్ధమని నిందించవలసిన పని లేదు, అతనికి కావలసినది పడక.

ప్రమాదస్థలం చూచి వచ్చినవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కన్నులు మూయగానే అదే దృశ్యం తిరిగి వచ్చేవారిని దీర్ఘకాలం కదలక కూర్చోబెట్టడం మేలు కంటె కీడే చేయవచ్చు. వారికి కన్నులు తెరచి నడిచే చంకమం, నేలపై పాదాల స్పర్శను గమనించడం వంటివి తగినవి. నిద్ర పట్టనివారిని, చావు ఆలోచనలు చెప్పినవారిని ముందుగా మానసిక వైద్యుని వద్దకు పంపాలి. లాల్‌ఖదాన్ వంటి చోట పనిచేసే సిబ్బందికి శిక్షణ హిందీలో, వీలైతే ఛత్తీస్‌గఢీలో సాగాలి. రోల్‌కాల్ తరువాత పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలను కూడా విధి సమయంగానే లెక్కించాలి.