నిప్పురవ్వ నుంచి గుండు దాకా: చెకుముకి తుపాకీలో 60 మిల్లీసెకన్ల లెక్క

ఆర్మూర్ నుంచి నిజామాబాద్ వెళ్లే దారిలో అంకాపూర్ దగ్గర కాల్చిన మక్క కంకుల కోసం ఆగని బండి అరుదు. ఆ మక్క చేను కోతకొచ్చే దాకా రైతుకు రాత్రి కాపలా తప్పదు. అడవిపంది ఒక్కసారి చేనులో పడితే తినేది కొంత, తొక్కి పాడుచేసేది అంతకు మించి. కాపలా మాట వచ్చిన ప్రతిచోటా నాటు తుపాకీ మాట కూడా వస్తుంది. గొట్టం మూతి నుంచి మందు, గుండు దట్టించి పేల్చే ఆ తుపాకీల వంశంలో అన్నింటికన్నా మెదడుకు పని చెప్పేది చెకుముకి తుపాకీ. అందులో దెబ్బకు పేలే క్యాప్ ఉండదు, తూటా ఉండదు. రాయి ఉక్కును గీరితే రాలిన రవ్వే దానికి నిప్పు. ఆ నిప్పు ఎంత త్వరగా అంటుకుంటుంది, ఆ త్వర ఎక్కడి నుంచి వస్తుంది అన్నదే ఇక్కడి లెక్క.

200, 60, 4

ఈ మూడు అంకెలు గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువు.

కళ్లు చూసి, మెదడు తేల్చుకుని, వేలు కదలడానికి మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ట్రిగ్గర్ నొక్కాక చక్కగా సరిచేసిన చెకుముకి రైఫిల్‌లో గొట్టంలోని అసలు మందు అంటుకోవడానికి సుమారు 60 మిల్లీసెకన్లు. అంటుకున్నాక మీటరు పొడవున్న గొట్టాన్ని దాటి గుండు బయటపడటానికి సుమారు 4 మిల్లీసెకన్లు.

అంటే తుపాకీ లోపల గడిచే కాలంలో తొంభై శాతానికి పైగా నిప్పు ప్రయాణానికే పోతోంది. గుండు వేగం పెంచాలని మందు ఎక్కువ దట్టించేవాడు ఆ 4తో కుస్తీ పడుతున్నాడు. నిప్పు దారిని సరిచేసేవాడు 60ని పట్టుకున్నాడు.

ఇప్పుడు పరుగెత్తే పందిని తీసుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. 60 మిల్లీసెకన్లలో అది 66 సెంటీమీటర్లు జరుగుతుంది. ఆ ఆలస్యం ఒక్కటే ఉన్నా, భుజానికి గురిపెడితే కడుపు దగ్గర తగులుతుంది. గుండు 50 మీటర్లు పోవడానికి ఇంకో 115 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి పంది మరో మీటరుకు పైగా ముందుకు పోతుంది. చీకట్లో, పరుగులో ఉన్న జంతువు మీద ఇలాంటి తుపాకీ పేలిస్తే గుండు తప్పిపోతుంది, లేదా అది చావకుండా గాయపడుతుంది. గాయపడ్డ పంది మనిషి మీదికి వస్తుంది.

ఈ రెండు ఆలస్యాలూ ఒకటి కావు. గుండు గాలిలో గడిపే కాలం ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉంటుంది, దాన్ని లెక్కకట్టి ముందుకు గురిపెట్టవచ్చు. నిప్పు అంటుకునే కాలం ఒకసారి 50, ఒకసారి 120 అయితే ఏ లెక్కా నిలవదు. గురికాడికి వేగం అవసరమే. అంతకన్నా అవసరమైనది ప్రతిసారీ అదే వేగం.

మొదటి మెట్టు: మండేది ఉక్కు

పోచంపాడు దగ్గర గోదావరి గులకరాళ్లలో పొగరంగులో, గోధుమ రంగులో, అంచు మీద వెలుతురు పడితే కాస్త పారదర్శకంగా కనిపించే రాళ్లు దొరుకుతాయి. అవి అగేట్, కాల్సిడనీ రాళ్లు. పైన దక్కన్ నల్లరాతి నేలల నుంచి నది మోసుకొచ్చినవి. అలాంటి రాయిని పగలగొడితే గాజుపెంకులా పదునైన అంచు వస్తుంది. పాత ఆకురాయి ముక్కను ఆ అంచుతో గీరితే ఎర్రటి రవ్వలు రాలతాయి. ఆర్మూర్ గుట్టల గ్రానైట్‌తో ఎంత కొట్టినా అంత చక్కటి రవ్వ రాదు. అది గరుకు పలుకులుగా రాలిపోతుంది తప్ప కత్తిలాంటి అంచునివ్వదు.

రవ్వ రాయిది అనిపిస్తుంది, కానీ మండేది ఉక్కు. రాయి చేసే పని ఉక్కును సన్నటి పొట్టులా చెక్కడమే. ఆ పొట్టు రాపిడికి వేడెక్కి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. దాని వేడి 1,000 డిగ్రీలు దాటుతుంది. తుపాకి మందు అంటుకోవడానికి 300 డిగ్రీల పైచిలుకు చాలు. కాబట్టి వేడికి కొరత లేదు. కొరత వచ్చేది రవ్వలు సరైన చోట పడకపోవడం వల్లే.

అందుకే సరిచేసే పని రాయి దగ్గర మొదలవుతుంది. రాయిని పట్టుకునే కొక్కెంలో దాన్ని తోలు ముక్క చుట్టి బిగిస్తారు. రాయి అంచు మొత్తం, అది గీరే ఉక్కు పలకకు సమాంతరంగా ఉండాలి. ఒక మూల ముందుకొస్తే ఆ మూల ఒక్కటే గీరుతుంది, రవ్వలు సగానికి సగం తగ్గుతాయి. పేల్చాక ఉక్కు పలక మీద గీతలు చూస్తే సంగతంతా తెలుస్తుంది. గీతలు పలక వెడల్పంతా సమంగా, పైభాగం నుంచి కిందికి సాగితే రాయి సరిగా కూర్చున్నట్టు. ఒకచోట లోతైన గాడి పడితే రాయి గీరడం లేదు, గుద్దుతోందన్నమాట.

పలక వెనక స్ప్రింగు మరీ బిగువుగా ఉంటే రాయి అంచు పగులుతుంది, పలక ఆలస్యంగా తెరుచుకుంటుంది. మరీ వదులైతే రాయి నొక్కి గీరలేదు. బలమైన స్ప్రింగు వేస్తే వేగం వస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి కీళ్ల దగ్గర గరుకు తీసి, నునుపు చేసి, ఒక చుక్క నూనె వేస్తే వచ్చే లాభం అంతకన్నా ఎక్కువ.

రెండో మెట్టు: చిటికెడు రంజకం

గొట్టం పక్కన ఉండే చిన్న పళ్లెంలో పోసే మెత్తటి మందే రంజకం. దానికి కావలసింది సుమారు 3 గ్రెయిన్లు, అంటే గ్రాములో ఐదో వంతు. ఎక్కువ పోస్తే ఎక్కువ మంట వస్తుంది గానీ పని త్వరగా కాదు. ట్రిగ్గర్ నొక్కినప్పటి నుంచి రంజకం భగ్గుమనే దాకా మంచి తాళానికి, అంటే రాయి, పలక, స్ప్రింగులున్న యంత్రాంగానికి, 30 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. మొత్తం ఆలస్యంలో పెద్ద వాటా ఇదే.

రంజకాన్ని, గొట్టంలోకి మంట పోయే నిప్పు రంధ్రానికి దూరంగా పోయాలని పాత గురికాళ్లు చెప్పేవారు. దగ్గరగా పోస్తే రంధ్రం మూసుకుపోతుందని వారి భయం. హైస్పీడ్ కెమెరాలు, ఎలక్ట్రానిక్ గడియారాలు పెట్టి అమెరికాలో చేసిన పరీక్షల్లో అందుకు భిన్నంగా తేలింది: రంధ్రానికి దగ్గరగా ఉన్న రంజకమే లోపలి మందును ముందుగా ముట్టిస్తుంది. భయపడాల్సింది రంధ్రం పక్కన ఉన్న మందుకు కాదు, రంధ్రంలోకి దూరిన మందుకు.

మూడో మెట్టు: ఆఖరి 5 మిల్లీమీటర్లు

నిప్పు రంధ్రం వ్యాసం మామూలుగా 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు. గొట్టం గోడ మందం 5, 6 మిల్లీమీటర్లు. ఈ కాస్త దారిలోనే ఎక్కువ తుపాకీలు తడబడతాయి.

రంధ్రం ఖాళీగా ఉంటే రంజకం మంట వేడి ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. రంధ్రం నిండా మందు ఉంటే అది దీపావళి బాంబు ఒత్తిలా పలుకు తర్వాత పలుకు కాలుతూ పోవాలి. చెవికి కూడా ఆ తేడా తెలుస్తుంది. సరిచేసిన తుపాకీ ఒకే శబ్దంతో పేలుతుంది. రంధ్రం పూడుకున్నది ముందు ‘బుస్’మని, ఆనక ‘ఢాం’ అంటుంది.

దీనికి విరుగుడు రెండు రకాలు. మొదటిది వ్యాసం పెంచడం. 1.6 నుంచి 2 మిల్లీమీటర్లకు పెంచితే రంధ్రం వైశాల్యం 56 శాతం పెరుగుతుంది. అంతకు మించితే లోపలి వాయువు పక్కకు చిమ్మి, ఒత్తిడి ఒక్కో పేలుడుకు ఒక్కోలా మారుతుంది. రెండోది ఇంకా తెలివైనది: రంధ్రాన్ని లోపలి వైపు నుంచి గరాటులా తొలచడం. అప్పుడు అసలు మందు బయటి మంటకు ఒకటిన్నర మిల్లీమీటరు దూరంలోకి వచ్చి కూర్చుంటుంది. మందుగదిలో అసలు మందును నిప్పుకు చేరువ చేసే ఆలోచనకు లండన్ తుపాకీ పనివాడు హెన్రీ నాక్ 1787లోనే పేటెంట్ తీసుకున్నాడు.

6,000 సార్లు పేల్చి చూస్తే

ఇంత చేసినా ఈ యంత్రానికి ఒక హద్దుంది. ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో 1834లో చెకుముకి, క్యాప్ మస్కెట్లను (సిపాయిల తుపాకులను) ఒక్కో రకాన్ని 6,000 సార్లు పేల్చి చూశారు. చెకుముకి 922 సార్లు పేలలేదు. క్యాప్‌ది పేలనివి 36. అంటే చెకుముకికి నూటికి 15, క్యాప్‌కు నూటికి ఒకటి కూడా లేదు. 600 మంది సిపాయిలు ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే 92 తుపాకులు మౌనంగా ఉండిపోయే లెక్క ఇది.

ఆ లెక్క మన గడ్డకూ వర్తించింది. నేటి నిజామాబాద్ అయిన ఇందూరు నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో ఫ్రెంచ్ సేనాని రేమండ్ హైదరాబాద్‌లో వేల మంది సిపాయిలకు యూరప్ పద్ధతిలో శిక్షణ ఇచ్చాడు. ఆయన 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లిష్‌వాళ్లు ఆ దళాన్ని నిరాయుధం చేశారు. అతని కాలపు ఫిరంగుల కార్ఖానా గుర్తుగానే గన్‌ఫౌండ్రీ పేరు నిలిచింది, అతని పేరు మీదే మూసారాంబాగ్ ఉంది. ఆ సిపాయిల చేతుల్లో ఉన్న తరం ఆయుధం చెకుముకి మస్కెట్.

చెకుముకి కాలం ముగియడానికి బీజం వేసింది కూడా ఆలస్యమే. స్కాట్లండ్‌లోని బెల్‌హెల్వీ పాస్టర్ అలెగ్జాండర్ ఫోర్సిత్‌కు పక్షుల వేట ఇష్టం. పళ్లెంలో మెరుపు చూసి, గుండు వచ్చేలోగా పక్షులు ఎగిరిపోయేవి. దెబ్బ తగిలితే పేలే రసాయనంతో ఆయన 1807లో పేటెంట్ పొందాడు. 1840ల్లో సైన్యాలు వరుసగా క్యాప్‌కు మారాయి.

అయినా చెకుముకి చచ్చిపోలేదు. మెలి గాడుల పొడవాటి గొట్టంతో లాంగ్ రైఫిల్‌కు పుట్టిల్లయిన అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1974 నుంచి జింకల వేటకు చెకుముకి తుపాకీలకే ప్రత్యేకించిన సీజను ఉంది. మూతి నుంచి దట్టించే తుపాకీల కోసం 1933లో పుట్టిన జాతీయ సంఘం ఇండియానా రాష్ట్రం ఫ్రెండ్‌షిప్ ఊళ్లో పోటీలు పెడుతూనే ఉంది.

57 శాతం మసి

పాతకాలపు నల్లమందు కాలితే అందులో సుమారు 57 శాతం ఘనపదార్థంగా మిగులుతుంది, 43 శాతమే వాయువవుతుంది. ఆ మసి గాలిలో తేమను పీల్చి జిగటగా మారి రంధ్రాన్ని పూడుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన గాలిలో ఉండే చెమ్మకు ఇది నిమిషాల పని. అందుకే పోటీదారులు ప్రతి పేలుడు తర్వాత మూడు పనులు విడవకుండా చేస్తారు: రాయి అంచు తుడవడం, ఉక్కు పలక, పళ్లెం తుడవడం, సన్నటి తీగతో రంధ్రం పొడవడం. పేలకపోతే గొట్టాన్ని కనీసం ఒక నిమిషం గురివైపే ఉంచి ఆగుతారు. కంటికి అద్దాలు తప్పనిసరి. నిప్పు రంధ్రం ఉన్న పక్కన ఎవరినీ నిలబడనివ్వరు.

మన దేశంలో గొట్టం మూతి నుంచి దట్టించే తుపాకీకి కూడా 1959 ఆయుధ చట్టం కింద లైసెన్స్ కావాలి. అడవిపంది చేను పాడుచేసినా, అధికారుల అనుమతి లేకుండా చంపితే 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరమే. లైసెన్స్ లేని నాటు తుపాకీలో ఇక్కడ చెప్పిన ఏ కొలతకూ పూచీ లేదు. గొట్టం మందం ఎంతో, రంధ్రం ఎంతో దాన్ని చేసినవాడికే తెలియదు. చేనుకు సోలార్ కంచె వేసుకోవడం రైతు ప్రాణానికీ, పంటకూ మేలు.

చెకుముకి తుపాకీని మాత్రం చదువుకోవాల్సిన యంత్రంగా చూడాలి. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి పిల్లలను తీసుకెళ్తే పాత తుపాకుల బంగారు నగిషీ దగ్గరే ఆగిపోకండి. కొక్కెం, పలక, పళ్లెం, రంధ్రం వరుసగా చూపించండి. లోహం మండుతుందని, వేడికీ దూరం ఉంటుందని, ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఫలితాన్ని మార్చగలదని పుస్తకం లేకుండా ఒక్క చూపులో నేర్పే పాఠం అది. బలం పెంచితే వేగం రాదు, దారిలో అడ్డు తీస్తేనే వస్తుందన్న సంగతి వాళ్లకు అక్కడే బోధపడుతుంది.