పెళ్ళి చీర, ఒంటి తీరు: అపోహలు – వాస్తవాలు

కోల్‌కతాలో స్థిరపడిన తెలుగింట్లో పెళ్ళి కుదిరితే చీరల బేరం రెండు ఊళ్ళలో సాగుతుంది. ముహూర్తం చీర కంచిపట్టో ధర్మవరమో సొంతూరి నుంచి వస్తుంది. రిసెప్షన్‌కి మాత్రం బెనారసీ కావాలని పెళ్ళికూతురు పట్టుబడుతుంది. చిన్నప్పటి నుంచి తను చూసిన బెంగాలీ పెళ్ళికూతుళ్ళు ఎర్ర బెనారసీలోనే కనిపించారు మరి. గరియాహాట్‌లోనో కాలేజ్ స్ట్రీట్‌లోనో తెల్ల పరుపు మీద చీరలు పరవగానే వెంట వచ్చిన వాళ్ళ సలహాలు మొదలవుతాయి. ‘‘నడుం లావు, నీకిది వద్దమ్మా’’ అని అత్త, ‘‘పొట్టిదానివి, పెద్దంచు నప్పదే’’ అని పిన్ని. సంతోషంగా గడవాల్సిన పూట కాస్తా ఆ పిల్ల ఒంట్లో లోపాలు లెక్కపెట్టడంతో సరిపోతుంది. ఈ మాటల్లో చాలావాటికి ఆధారం లేదు.

అపోహ: మనది ఏ ఆకారమో ముందు తేల్చుకోవాలి. యాపిలా, పియరా, ఇసుక గడియారమా? దాన్ని బట్టే పెళ్ళి బట్టలు.

వాస్తవం: ఈ వర్గీకరణ గౌన్ల లోకంలో పెరిగింది. అక్కడ బట్టను ముందే కత్తిరించి కుడతారు కాబట్టి ఒంటికి ఏ కోత నప్పుతుందన్న ప్రశ్న వస్తుంది. నడుము నుంచి కిందికి విచ్చుకునే ‘ఏ-లైన్’ అన్న పేరు కూడా 1955లో క్రిస్టియన్ డియోర్ తెచ్చిన దుస్తులతోనే వాడుకలోకి వచ్చింది. సరే, ఆ దేశాల్లోనైనా ఆడవాళ్ళు ఈ గళ్ళలో ఇమిడారా? అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 6 వేల మందికి పైగా స్త్రీల కొలతలు పరిశీలించారు. అందరూ ఆదర్శంగా చెప్పుకునే ఇసుక గడియారం ఆకారం 8 శాతం మందిలోనే కనిపించింది. దాదాపు 46 శాతం మందిది భుజాలు, నడుము, తుంటి కొలతల్లో పెద్ద తేడా లేని నిలువు ఆకారం. మన దేశంలోనైతే సొంత కొలతల పట్టిక కోసం ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ ‘ఇండియా సైజ్’ సర్వే తలపెట్టింది. కోల్‌కతా, హైదరాబాద్‌లతో సహా ఆరు నగరాల్లో 25 వేల మందిని కొలవాలన్నది దాని లక్ష్యం. ఇన్నాళ్ళూ మన రెడీమేడ్ సైజులు చాలావరకు పాశ్చాత్య కొలతల మీదే నడిచాయి. ఆ పట్టికలు తెచ్చి మన పిల్లల ఒంటికి పేర్లు పెట్టడం అన్యాయమని నా గట్టి నమ్మకం.

చీర కత్తిరించని గుడ్డ. ఐదున్నర మీటర్ల పట్టుకి ఆకారం వచ్చేది కట్టినప్పుడే. అందుకే చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి, అందులో మొదటిది లోపలి లంగా. సన్నటి బొందు బిగించి కడితే అది కండలోకి దిగి, పైనా కిందా రెండు మడతలు లేస్తాయి. పైన ఎంత ఖరీదైన చీర ఉన్నా ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది. నడుం దగ్గర మూడు నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ కుట్టించి, ముడి పక్కకి వచ్చేలా కట్టుకుంటే ఆ మడత పోతుంది. ముడి ముందుంటే దాని మీదే కుచ్చిళ్ళు దోపాల్సి వస్తుంది. అప్పుడు పొట్ట దగ్గర ఎత్తుగా కనిపించేది ఒళ్ళు కాదు, ఆ ముడే. వందల రూపాయల్లో అయ్యే ఈ సవరణని వదిలేసి, వేల రూపాయల చీర మార్చేవాళ్ళే ఎక్కువ.

అపోహ: ఒళ్ళున్న వాళ్ళకి బరువైన పట్టు పనికిరాదు. జార్జెట్ అయితే సన్నగా చూపిస్తుంది.

వాస్తవం: ఇది తరచు తిరగబడుతుంది. జార్జెట్ పల్చగా జారుతూ ఒంటిని అంటుకుంటుంది, ఉన్న ఒంపునల్లా చూపిస్తుంది. మెలి తిప్పిన పట్టు దారంతో నేసిన కతాన్ బెనారసీ తన మడత తను నిలుపుకుంటుంది. కుచ్చిళ్ళు తిన్నగా నేలకి దిగుతాయి. మంచి కంచిపట్టుదీ ఇదే గుణం. నిజంగా వెడల్పు పెంచేది బిరుసుగా ఉండే కోరా, అంటే ఆర్గంజా. అది ఒంటికి దూరంగా నిలబడుతుంది, అందుకే బాగా సన్నగా ఉన్న అమ్మాయికి చక్కగా నిండుతనం ఇస్తుంది. దుకాణంలో చెయ్యాల్సిన పని ఒకటే: చీర కొసని భుజం మీద కప్పి చూడటంతో ఆపకుండా, నాలుగు కుచ్చిళ్ళు పోసి నడుం దగ్గర పట్టుకుని అద్దంలో చూడాలి. గుడ్డ కిందికి జారుతోందా, పక్కలకి పొంగుతోందా అన్నది అప్పుడు తెలుస్తుంది.

అపోహ: అడ్డగీతలు, పెద్దంచులు లావుగా, పొట్టిగా చూపిస్తాయి.

వాస్తవం: జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే దీనికి వ్యతిరేకమైన సంగతి గమనించాడు. ఒకే కొలత చతురస్రాలు రెండింటిలో నిలువుగీతలున్న దానికన్నా అడ్డగీతలున్నదే పొడుగ్గా, సన్నగా కనిపిస్తుంది. బ్రిటన్‌లోని యార్క్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్ని దుస్తుల విషయంలో పరీక్షించి 2011లో ప్రచురించారు. అడ్డచారలు లావుగా చూపించవన్నదే వాళ్ళకి తేలింది. చీర అంచు చారల బట్ట కాదు కాబట్టి ఈ ఫలితాన్ని ఉన్నదున్నట్టు దానికి అంటగట్టలేం. కానీ అడ్డగీత అనగానే భయపడాల్సిన పనిలేదు. పెద్దంచు చీరలో పొట్టిగా కనిపిస్తే అంచు నేలకి రెండంగుళాలు పైన ఆగిందేమో చూడండి. పాదాల మీదికి దించితే చాలు.

అపోహ: బెంగాలీ కట్టు లావుగా చూపిస్తుంది. మనం కట్టే కట్టే సన్నగా చూపిస్తుంది, అనాదిగా ఉన్నదీ అదే.

వాస్తవం: ఇప్పుడు దేశమంతా కట్టే కట్టు బెంగాల్లో అనాదిది కాదు. 1860ల్లో సత్యేంద్రనాథ్ టాగోర్ ఐసీఎస్ ఉద్యోగం మీద బొంబాయి ప్రాంతానికి వెళ్ళినప్పుడు, ఆయన భార్య జ్ఞానదానందినీ దేవి అక్కడి పార్సీ స్త్రీల కట్టు చూసి నేర్చుకుంది. దాన్ని తనకు అనువుగా మార్చి, పైట ఎడమ భుజం మీదికి తెచ్చి, కుడి చెయ్యి ఖాళీగా ఉండేలా చేసింది. లోపల లంగా, జాకెట్టు కూడా చేర్చింది. ఈ కట్టు నేర్పుతానని ‘బామాబోధినీ పత్రిక’లో ప్రకటన ఇచ్చింది. బ్రహ్మసమాజ కుటుంబాల్లో ముందుగా పాకడంతో దీనికి ‘బ్రహ్మికా’ కట్టని పేరొచ్చింది. వీధిలోకి, సభల్లోకి గౌరవంగా నడిచి వెళ్ళాలన్న అవసరంలోంచి పుట్టిన కట్టు ఇది. ఒంటి ఆకారం ఆ ఆలోచనలోనే లేదు.

ఇక బెంగాలీల పాత ఆట్‌పౌరే కట్టులో ముందు వెడల్పాటి మడతలుంటాయి. కొంగు వీపు మీదుగా తిరిగి కుడిచేతి కింద నుంచి మళ్ళీ ముందుకొచ్చి భుజం ఎక్కుతుంది. అంటే ఛాతీ మీదికి గుడ్డ రెండుసార్లు వస్తుంది. నిండా జరీ నేసిన కొంగైతే పైభాగం బరువుగా కనిపించేది ఇందుకే. మెత్తటి కతాన్, జరీ తక్కువున్న కొంగు ఎంచుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. నడుము మీద దృష్టి పడటం ఇష్టంలేని అమ్మాయికి ఇంతకన్నా హాయైన కట్టు లేదు.

అపోహ: లంగా బదులు ఒంటిని బిగించే షేపర్ వేసుకుంటే చాలు, అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: చేపకోత షేపర్‌లో నిలబడి ఫొటో దిగితే బాగానే ఉంటుంది. కానీ మన పెళ్ళికూతురు గంటల తరబడి పీటల మీద కూర్చుంటుంది. బెంగాలీ పెళ్ళికూతురు కూడా పీట మీద కూర్చునే ఉంటుంది, అన్నదమ్ములు ఆ పీట ఎత్తి వరుడి చుట్టూ ఏడుసార్లు తిప్పుతారు. మోకాళ్ళ దగ్గర బిగిసిన షేపర్‌తో మఠం వేసుకుని కూర్చోవడం నరకం. ముహూర్తానికి మామూలు లంగా కట్టి, షేపర్ రిసెప్షన్‌కి ఉంచుకోవడం మేలు. కొనే ముందు ఒకసారి దాంతో నేల మీద కూర్చుని లేవండి.

అపోహ: ఎత్తు మడమల చెప్పులతో కొలత తీసుకుంటే పొడుగ్గా కనిపిస్తాం.

వాస్తవం: మండపంలో చెప్పులుండవు. మడమల ఎత్తుకి కట్టిన చీర, చెప్పులు విప్పగానే మూడంగుళాలు నేల మీద పడి కాళ్ళకి అడ్డం పడుతుంది. సప్తపది వేళ పెళ్ళికూతురు తడబడేది చాలాసార్లు ఇందుకే.

అపోహ: జాకెట్టు ఎంత బిగుతైతే అంత సన్నగా కనిపిస్తాం.

వాస్తవం: బిగుతు జాకెట్టు వీపు మీద, చంక పక్కన కండని బయటికి నెడుతుంది. ఇక తలంబ్రాలు పోసేటప్పుడు రెండు చేతులూ తలదాకా లేవాలి. చాలామంది సౌకర్యం కోసమని చంక కోత కిందికి దించమంటారు. అప్పుడు చెయ్యెత్తితే జాకెట్టంతా పైకి లేస్తుంది. చంకకి దగ్గరగా, ఎత్తులో కోసిన జాకెట్టులోనే చెయ్యి తేలిగ్గా ఆడుతుంది. ట్రయల్‌కి వెళ్ళినప్పుడు దోసిలి పట్టి చేతులు పైకెత్తి చూసుకోండి, పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదలమనండి. పెళ్ళి నాటికి ఒళ్ళు కాస్త వచ్చినా తగ్గినా దర్జీ ఒక్క పూటలో సరిచేసి ఇస్తాడు.