టైమవుట్ దోష నిదానము

డెస్క్‌టాప్ అప్లికేషను డేటాబేసు సర్వరు నడుగు ప్రశ్నమునకు క్వెరీ యని పేరు. నియమితకాలములోపలఁ బ్రత్యుత్తరము రానిచో టైమవుట్ అను సందేశము తెరపైఁ గానవచ్చును. సర్వరే విసిగి పని మానెనని పలువురు తలఁతురు, అది సరికాదు. మైక్రోసాఫ్టువారి యెస్.క్యూ.ఎల్. సర్వరు తన్నడిగిన క్వెరీకి స్వభావసిద్ధముగా గడువు విధింపదు. గడువు అడుగువానిదే. డాట్‌నెట్ సాధనములందు వేఱుగా నియమింపనిచో కమాండ్ టైమవుట్ 30 సెకండ్లు, కనెక్షన్ టైమవుట్ 15 సెకండ్లు. మొదటిది క్వెరీ నడచు కాలమునకును, రెండవది సర్వరుతో సంబంధము కుదురు కాలమునకును జెందినవి. ఒకటి తప్పఁగా రెండవదానిని బెంచి, ఫలము లేదని వాపోవువారు కలరు.

మిక్కిలి చిక్కు గొలుపు లక్షణ మొకటి గలదు. అప్లికేషనులో గడువు దాఁటిన క్వెరీయే మేనేజ్‌మెంట్ స్టూడియోలో క్షణమున ముగియును. స్టూడియో అరిథబార్ట్ అను సెట్టింగును ఆన్‌గా నుంచును. డాట్‌నెట్ ఆఫ్‌గా నుంచును. ఈ భేదమువలన సర్వరు ఒక్క క్వెరీకే రెండు ప్లానులు వేర్వేఱుగా దాఁచును. ప్లాను తొలుత వచ్చిన పారామీటరునుబట్టి యేర్పడును. నందినాగరి ప్రతులు రెండును, తెలుఁగులిపి ప్రతులు వేలకొలఁదియుఁ గల తాళపత్రపట్టిక నొకదానిని దలఁపుఁడు. నందినాగరికై యేర్పడిన ప్లాను తెలుఁగులిపికిఁ గొఱగాదు. అప్లికేషను ఆ ప్లానుతో శ్రమపడుచుండఁగా, స్టూడియో క్రొత్తదానితో సుఖముగా నడచును. కావునఁ బరీక్షించువారు స్టూడియోలోను అరిథబార్టును ఆఫ్ చేసి, అప్లికేషను పంపు పారామీటర్లనే పంపి చూడవలయును. దోషము ఆ సెట్టింగుది కాదు. క్వెరీకి రీకంపైల్ సూచన నిచ్చుటయో, తగిన యిండెక్సు గూర్చుటయో చికిత్స.

క్వెరీ నిర్దోషమయ్యును నిలిచిపోవచ్చును. వేఱొకరు పట్టికను సవరించి, కమిట్ చేయక భోజనమునకు లేచిపోయినచో, వారి లాకు తొలఁగువఱకుఁ దక్కినవారు వేచియుండవలసినదే. ఎవరు అడ్డమో సిస్.డిఎమ్_ఎగ్జెక్_రిక్వెస్ట్స్ అను వ్యూలోని బ్లాకింగ్_సెషన్_ఐడి గడి తెలుపును. క్వెరీ వేచియుండఁగనే దానిఁ జూడవలయును. గడువు తీఱినపిదప నందు జాడ మిగులదు.

గడువును సున్న చేసినచో నిరీక్షణమునకు మేర యుండదు. రోగము పోదు, రోగి మాటాడుట మానును.

అంతకంటె నపాయకరమైనది టైమవుట్ పిదపటి స్థితి. అప్లికేషను క్వెరీని రద్దుచేయుమని సర్వరునకుఁ దెలుపును; క్వెరీ యాఁగును. కాని ఎగ్జాక్ట్_అబార్ట్ ఆన్‌గా లేనిచో, అంతకుముందు తెఱచిన ట్రాన్సాక్షను తనంతఁ దాను రద్దుగాదు. సగము సవరణయు, దాని లాకులును నట్లే యుండును. ఒకని టైమవుట్ పదుగురి టైమవుట్లకు మూలమగును. కావున ప్రోగ్రాము టైమవుట్‌ను బట్టుకొన్న చోటనే రోల్‌బ్యాక్ చేసి, పిమ్మటనే మరల యత్నింపవలయును.